నెట్‌వర్క్ మార్కెటింగ్‌లోకి అడుగు పెట్టే ముందు: మక్కా, జిద్దా తెలుగువారి కోసం ఒక అవగాహన వ్యాసం

శుక్రవారం సాయంత్రం. మక్కాలో అజీజియా వైపు ఒక ఫ్లాటు. మన జిల్లావాడే ఒకాయన ఫోన్ చేసి, "ఒక్క అరగంట రండి, టీ తాగి వెళ్దురు, ఒక మంచి విషయం చెప్పాలి" అంటారు. విషయమేమిటని అడిగితే "ఫోన్లో చెప్పేది కాదు, చూస్తేనే అర్థమవుతుంది" అంటారు. వెళ్తే అక్కడ పది పదిహేను మంది మనవాళ్ళే. గోడ మీద వలయాలు, వాటి కింద మరిన్ని వలయాలు. మధ్యలో మీ పేరు!

గల్ఫ్‌లో కొన్నేళ్ళు ఉన్నవారిలో ఇలాంటి పిలుపు ఒక్కసారైనా అందుకోనివారు అరుదు. హాస్పిటల్లో పనిచేసే ఫార్మసిస్టు కావచ్చు, నిర్మాణ కంపెనీలో సివిల్ ఇంజనీరు కావచ్చు, హోటల్లో అకౌంటెంటు కావచ్చు. అందరికీ చెప్పేది ఒకటే మాట: "ఉద్యోగం ఎన్నాళ్ళు? ఆలోచనా విధానం మార్చుకో, జీవితం మారుతుంది."

ఈ మాటలో కొంత నిజం ఉంది. అందుకే అది మనసుకు పట్టుకుంటుంది. నెట్‌వర్క్ మార్కెటింగ్ అంటే ఏమిటి, దాని లెక్క ఎలా ఉంటుంది, సౌదీలోనూ మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం ఏమంటోంది, కొత్తవారికి నిజంగా కావలసిన మనస్తత్వం ఏది అన్న నాలుగు విషయాలను ఒకచోట చేర్చి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఎవరినీ ఎగతాళి చేయడం కాదు. ఆ వలయాల్లో ఒకప్పుడు నా పేరూ ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అసలు ఇది ఏమిటి?

ఒక కంపెనీ తన వస్తువులను దుకాణాల ద్వారా కాకుండా సభ్యుల ద్వారా నేరుగా అమ్మించడాన్ని డైరెక్ట్ సెల్లింగ్ అంటారు. సభ్యుడు తాను అమ్మినదాని మీదనే కాక, తాను చేర్పించినవారు, వారు చేర్పించినవారు కొన్నదాని మీద కూడా కమీషన్ పొందే పద్ధతి మల్టీ లెవెల్ మార్కెటింగ్. దానికే నెట్‌వర్క్ మార్కెటింగ్ అని మరో పేరు. మీ పైనున్నవారు 'అప్‌లైన్', కిందివారు 'డౌన్‌లైన్'.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. కార్ల్ రెన్‌బోర్గ్ 1930లలో మొదలుపెట్టిన విటమిన్ల వ్యాపారం న్యూట్రిలైట్‌గా పేరు పొందింది. 1940లలో దానికి అంచెలంచెల కమీషన్ పద్ధతి వచ్చి చేరింది. ఆ వస్తువులు అమ్మిన రిచ్ డివోస్, జే వాన్ ఆండెల్ అనే ఇద్దరు స్నేహితులు 1959లో ఆమ్‌వే స్థాపించారు. ఆ సంస్థ 1998లో భారతదేశంలో వ్యాపారం ప్రారంభించింది.

డైరెక్ట్ సెల్లింగ్‌కీ, పిరమిడ్ స్కీముకీ తేడా ఎక్కడుంది? డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్నదే గీటురాయి. సభ్యులు కాని మామూలు వినియోగదారులు వస్తువు నచ్చి కొంటే వచ్చే డబ్బు వ్యాపారం. కొత్తగా చేరేవారు కట్టే డబ్బే పైవారికి కమీషన్‌గా చేరితే అది పిరమిడ్. మధ్యలో సబ్బు, చేతి గడియారం, విహారయాత్ర ప్యాకేజీ, ఆన్‌లైన్ కోర్సు ఏది పెట్టినా ఈ గీటురాయి మారదు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆమ్‌వే పద్ధతి అక్రమ పిరమిడ్ కాదని తేల్చింది. సభ్యులు బయటి వినియోగదారులకు అమ్మి తీరాలన్న నియమం, అమ్ముడుపోని సరుకు తిరిగి తీసుకోవడం వంటివి అందుకు కారణాలు. అదే తీర్పులో ధరల నియంత్రణను, ఆదాయం గురించి అతిగా చెప్పడాన్ని తప్పుపట్టింది. 2016లో హెర్బాలైఫ్ సంస్థ అదే కమిషన్‌తో ఒప్పందానికి వచ్చి 20 కోట్ల డాలర్లు చెల్లించింది, అమెరికాలో తన కమీషన్ పద్ధతిని నిజమైన అమ్మకాల మీద ఆధారపడేలా మార్చుకోవడానికి అంగీకరించింది. మీటింగుల్లో 1979 నాటి మాట చెబుతారు, 2016 నాటి మాట చెప్పరు. రెండూ తెలిసి ఉండడం మంచిది.

ఆరు మంది లెక్క

"మీరు ఆరుగురిని తెస్తే చాలు, ఆ ఆరుగురు తలా ఆరుగురిని తెస్తారు" అంటారు. కాగితం, పెన్ను తీసుకోండి.

మొదటి అంచెలో 6 మంది. రెండో అంచెలో 36. మూడులో 216. నాలుగులో 1,296. అయిదులో 7,776. ఆరులో 46,656. ఏడులో 2,79,936. ఎనిమిదిలో 16,79,616. తొమ్మిదో అంచెలో 1,00,77,696 మంది కావాలి. సౌదీలో ఉన్న భారతీయులంతా కలిపినా ముప్ఫై లక్షల లోపే. అంటే తొమ్మిదో అంచెను నింపడానికి సరిపడా భారతీయులే ఇక్కడ లేరు. పదమూడో అంచెకు 1,306 కోట్ల మంది కావాలి. భూమి మీద ఉన్నదే 800 కోట్ల పైచిలుకు.

ఇంకొక లెక్క దీనికన్నా ముఖ్యమైనది. ఈ ఆరు మంది పద్ధతిలో నెట్‌వర్క్ ఏ అంచె దగ్గర ఆగినా, మొత్తం సభ్యుల్లో నూటికి 83 మంది ఎప్పుడూ చిట్టచివరి అంచెలోనే ఉంటారు. వారి కింద ఎవరూ ఉండరు. దానికి పై అంచెను కూడా కలిపితే నూటికి 97 మంది. వారు బద్ధకస్తులు కావడం వల్ల అక్కడ లేరు. ఆ ఆకారమే అలాంటిది. అందరూ రేయింబవళ్ళు కష్టపడినా, అందరూ పాజిటివ్‌గా ఆలోచించినా, 83 మంది అడుగునే ఉండాలి.

ఇది కాగితం మీది లెక్కేనా అంటే, అమెరికాలో ఏఏఆర్‌పీ ఫౌండేషన్ 2018లో ప్రచురించిన అధ్యయనం చూడండి. మల్టీ లెవెల్ మార్కెటింగ్‌లో చేరినవారిలో సుమారు 47 శాతం మంది డబ్బు పోగొట్టుకున్నారు. 27 శాతం మందికి లాభమూ లేదు, నష్టమూ లేదు. లాభం వచ్చిందన్నవారు 25 శాతం. అది కొనుగోలుదారుల రక్షణకు గట్టి చట్టాలున్న దేశపు సంగతి.

మీ ఖాతా మీరే రాసుకోండి

ఉదాహరణకు ఒకాయన 3,000 రియాళ్ళు కట్టి చేరాడనుకుందాం. 'యాక్టివ్'గా ఉండడానికి నెలకు 400 రియాళ్ళ సరుకు కొనాలి. ఏడాదికి 4,800. మీటింగులకు జిద్దా వెళ్ళిరావడానికి, టీ, భోజనాలకు నెలకు 150 చొప్పున 1,800. మొత్తం 9,600 రియాళ్ళు. ఇద్దరిని చేర్పించినందుకు తలా 300 చొప్పున 600 కమీషన్ వచ్చింది. వాడుకున్న సరుకు బయటి దుకాణంలో కొంటే 2,400 అయ్యేది. రెండూ తీసేస్తే నికర నష్టం 6,600 రియాళ్ళు. వారానికి పది గంటల చొప్పున పోయిన 520 గంటలు ఈ లెక్కలో లేవు. చేర్పించిన ఇద్దరి నష్టం కూడా లేదు.

అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీ అంకెలు మీరు వేసుకోండి. "నెలకు ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న పక్కన "నెలకు ఎంత పోతుంది?" అన్న ప్రశ్న రాసుకోండి. ఈ రెండో వరుస ఖాళీగా వదిలేయమని చెప్పేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

సౌదీలో పరిస్థితి

ఇక్కడ ఉన్నవారు ముందుగా తెలుసుకోవలసినది ఇఖామా విషయం. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం విదేశీ ఉద్యోగి తన యజమాని దగ్గర తప్ప సొంత ఖాతాలో పని చేయకూడదు. అలా చేసినట్లు తేలితే 50,000 రియాళ్ళ వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, దేశం నుంచి పంపివేత ఉంటాయని పాస్‌పోర్టుల శాఖ హెచ్చరిస్తూనే ఉంది. దీనికి తోడు 2020లో వచ్చిన వాణిజ్య తసత్తుర్ నిరోధక చట్టం 2021 నుంచి అమల్లో ఉంది. సౌదీ పౌరుడి పేరు చాటున విదేశీయుడు అనుమతి లేకుండా వ్యాపారం నడిపితే అయిదేళ్ళ వరకు జైలు, 50 లక్షల రియాళ్ళ వరకు జరిమానా దాకా అది వెళ్తుంది. "ఇది పార్ట్ టైమ్ మాత్రమే కదా" అన్న మాటకు ఇక్కడ చట్టంలో చోటు లేదు.

రెండవది మతపరమైన నిర్ణయం. సౌదీ అరేబియా శాశ్వత ఫత్వా కమిటీ హిజ్రీ 1425లో, అంటే 2004లో, నెట్‌వర్క్ మార్కెటింగ్ లావాదేవీలు హరామ్ అని 22935వ నంబరు ఫత్వాలో చెప్పింది. చేరే వ్యక్తి ఉద్దేశ్యం వస్తువు కాదు, కమీషన్. వస్తువు కేవలం తెర అన్నది అందులో ప్రధాన వాదన. కొద్ది డబ్బు కట్టి ఎక్కువ డబ్బు ఆశించడం వల్ల రిబా, చివరికి ఏమవుతుందో తెలియని ఒప్పందం కావడం వల్ల గరర్, ఇతరుల సొమ్ము అన్యాయంగా తినడం, మోసం అన్నవి అది చూపిన కారణాలు. మక్కాలో మనవారికి "ఇది పూర్తిగా హలాల్ బిజినెస్" అని ఎవరైనా చెబితే, ఏ పండితులు, ఏ సంవత్సరం, ఏ పథకాన్ని చూసి చెప్పారో కాగితం అడగాలి. పిరమిడ్ పథకాల గురించి వాణిజ్య మంత్రిత్వ శాఖ కూడా పలుమార్లు హెచ్చరించింది. అలాంటి వాటిపై ఫిర్యాదుకు 1900 నంబరు ఉంది.

'హలాల్' అన్న పేరు ఎంత దూరం తీసుకువెళ్తుందో మనవాళ్ళకు తెలియని విషయం కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ వ్యవహారం నెట్‌వర్క్ మార్కెటింగ్ కాదు, పెట్టుబడుల పథకం. వడ్డీ లేని రాబడి పేరుతో ఏడాదికి 36 శాతం దాకా ఆశచూపి, లక్షకు పైగా మదుపుదారుల నుంచి వేల కోట్ల రూపాయలు సేకరించిందన్నది దర్యాప్తు సంస్థల ఆరోపణ. అధిపతి నౌహెరా షేక్‌ను 2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. గల్ఫ్‌లో కష్టపడి దాచుకున్న డబ్బు కూడా అందులో ఉంది. నమ్మకం అనేది మనలో మనకున్న పెద్ద ఆస్తి. దాన్నే ముందుగా ఎవరైనా అడుగుతారు.

మన రాష్ట్రాల్లో పరిస్థితి

"ఇక్కడ కాకపోతే ఇండియాలో అన్నయ్య పేరు మీద చేద్దాం" అనేవారు ఈ భాగం తప్పక చదవాలి.

1978లో పార్లమెంటు చేసిన ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 3వ సెక్షన్ పథకం నడిపేవారితో ఆగదు. సభ్యుడిగా చేరడం, పాల్గొనడం, దాని కోసం డబ్బు తీసుకోవడం, పంపడం అన్నీ నిషేధమే. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 'పంపడం' అన్న మాట దగ్గర ప్రవాసులు ఒక్క క్షణం ఆగాలి.

ఈ చట్టం గురించి దేశమంతా చర్చించుకున్న తీర్పు మన హైకోర్టుదే. 2006లో సీఐడీ పోలీసులు హైదరాబాద్‌లో ఆమ్‌వే కార్యాలయాలపై దాడులు చేయగా సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. సభ్యులను చేర్పించడం ద్వారా తేలికగా, త్వరగా డబ్బు వస్తుందన్న ఆశ చూపే ఆ పద్ధతి 1978 చట్టం పరిధిలోకి వస్తుందని 2007 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2014 మేలో కర్నూలు పోలీసులు సంస్థ భారత విభాగం అధిపతి విలియం స్కాట్ పింక్నీని అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆ సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులను జప్తు చేసింది. తాము చట్టాలకు లోబడే వ్యాపారం చేస్తున్నామన్నది సంస్థ వాదన.

క్యూనెట్ పేరు చదువుకున్న మన యువతకు బాగా తెలుసు. 2019 ఆగస్టులో సైబరాబాద్ పోలీసులు దీనికి సంబంధించి 38 కేసులు నమోదుచేసి, 70 మందిని అరెస్టు చేసినట్లు ప్రకటించారు. డబ్బు పోగొట్టుకున్నవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది ఉన్నారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు చనిపోయారు. జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఆ పిల్లలు పనిచేసిన మార్కెటింగ్ కార్యాలయానికి క్యూనెట్‌తో సంబంధం ఉందన్న ఆరోపణలు వచ్చాయి, పోలీసులు కేసు పెట్టారు. ఉద్యోగం అని చెప్పి ముందుగా తమ దగ్గర లక్షలు కట్టించుకున్నారని తల్లిదండ్రులు చెప్పిన మాటలు మనం మరచిపోకూడదు.

2021 డిసెంబరులో కేంద్రం వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు తెచ్చింది. నిజమైన డైరెక్ట్ సెల్లింగ్‌కు వీటితో ఒక దారి ఏర్పడింది. పిరమిడ్ పథకాలు, మనీ సర్క్యులేషన్ పథకాలు నిషేధం అని ఇవి స్పష్టంగా చెబుతున్నాయి. అమ్మే వ్యక్తి గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా సమయం తీసుకోకుండా ఇంటికి రాకూడదు. తానెవరో, ఏం అమ్ముతున్నాడో ముందే చెప్పాలి. "టీకి రండి" అని పిలిచి వలయాలు చూపించే పద్ధతిని ఈ ఒక్క నిబంధన పక్కన పెట్టి చూడండి.

మీటింగుల్లో మంచి లేదా?

ఉంది. నిజాయితీగా ఒప్పుకోవాలి. మన ఊళ్ళో పదిమంది ముందు నోరు విప్పనివాడు ఆ మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడడం నేర్చుకున్నాడు. రోజంతా ఫోను చూస్తూ పడుకునేవాడు డైరీ రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా 'కాదు' అంటే కుంగిపోకుండా ఉండడం అలవాటైంది. కుటుంబానికి దూరంగా, డ్యూటీకీ గదికీ మధ్య బతికే మనిషికి "నువ్వు సాధించగలవు" అని చెప్పేవారు దొరకడం చిన్న విషయం కాదు. చాలామందిని అక్కడ నిలబెట్టేది డబ్బు కాదు, ఈ ఆదరణ.

కానీ వీటిలో ఒక్కదానికీ చేరిక రుసుము అవసరం లేదు. వేదిక మీద మాట్లాడడం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ సంస్థ 1924 నుంచి ప్రపంచమంతా ఉంది, జిద్దాలోనూ క్లబ్బులున్నాయి. డేల్ కార్నెగీ 1936లో రాసిన పుస్తకం నుంచి మన యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' దాకా వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కొద్ది రూపాయలకే దొరుకుతాయి. మన సంఘాల కార్యక్రమాల్లో వాలంటీరుగా పనిచేస్తే మనుషులతో మెలగడం ఉచితంగా వస్తుంది. మీ వృత్తిలో ఒక కొత్త సర్టిఫికేట్, కొంచెం అరబిక్ మాట్లాడడం, రెండూ జీతం పెంచే పెట్టుబడులే. మక్కా, జిద్దాల్లో అరబిక్ వచ్చిన ఇంజనీరుకూ రానివాడికీ ఉన్న తేడా మనకు తెలిసిందే!

కొత్తవారికి కావలసిన మనస్తత్వం: ఎనిమిది సూత్రాలు

1. లెక్క ముందు, కల తర్వాత. కారు ఫొటో చూసి కాదు, ఆదాయ వ్యయాల కాగితం చూసి నిర్ణయించండి. ఆ కాగితం లేదంటే నిర్ణయం కూడా లేదు.

2. ప్రశ్న అడగడం నెగెటివ్ కాదు. "ఈ నెల మీ కమీషన్‌లో బయటి వినియోగదారుల నుంచి వచ్చింది ఎంత?" అని నేరుగా అడగండి. వ్యాపారస్తుడు జవాబు చెబుతాడు. జవాబు బదులు మీ ఆలోచనా విధానం మీద ఉపన్యాసం వస్తే అదే మీకు జవాబు.

3. తొందర పెట్టేవారికి 'రేపు' అని చెప్పండి. "ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది" అన్నది మంచి వ్యాపారం లక్షణం కాదు. ఇంట్లో భార్యకో భర్తకో చెప్పి, కనీసం వారం రోజులు ఆగండి. ఇంట్లో చెప్పవద్దన్నవారి మాట అసలు వినవద్దు.

4. అప్పుతో మొదలుపెట్టకండి. బ్యాంకు లోను, చీటీ పాట డబ్బు, చెల్లి పెళ్ళికి దాచిన డబ్బు, ఇంటి బంగారం, ఇవేవీ ముట్టుకోకూడదు. పోయినా నిద్రపట్టే మొత్తం ఎంతో ముందే రాసుకోండి.

5. ఓటమిని ఒప్పుకోవడం కూడా ఎదుగుదలే. "వదిలేసినవాడే ఓడిపోతాడు" అని చెబుతారు. నీళ్ళు పడని చోట ఇంకా లోతుకు బోరు వేయించి అప్పులపాలైన రైతులను మనం చూశాం. ఇప్పటికే పెట్టింది ఎలాగూ పోయింది, ఇకముందు పెట్టేది మాత్రమే మన చేతిలో ఉంది.

6. వద్దన్నవారిని శత్రువులుగా చూడకండి. "నెగెటివ్ మనుషులకు దూరంగా ఉండండి" అన్న సలహా వింటే, మొదట దూరమయ్యేది అమ్మానాన్నలు, భార్య, పాత స్నేహితులు. మనకు నిజం చెప్పేవారు వాళ్ళే.

7. బంధుత్వాన్ని పెట్టుబడిగా పెట్టకండి. వంద మంది పేర్ల జాబితా రాయమంటారు. ఆ జాబితాలో ప్రతి పేరూ ఇరవై ఏళ్ళ ఆప్యాయత. ముఖ్యంగా ఉమ్రాకో హజ్‌కో ఊరి నుంచి వచ్చిన పెద్దల దగ్గర ఆ మాట ఎత్తకండి. వాళ్ళు జీవితాంతం కూడబెట్టుకుని వచ్చింది దానికి కాదు.

8. మీ వల్ల నష్టపోయినవారికి మీరే జవాబుదారీ. కంపెనీ మీద, అప్‌లైన్ మీద నెట్టేయడం తేలిక. కానీ వాళ్ళు డబ్బు కట్టింది మీ ముఖం చూసి.

ఈ ఎనిమిదో సూత్రం నేను పుస్తకంలో చదివింది కాదు. చాలా ఏళ్ళ క్రితం, ఇక్కడికి వచ్చిన కొత్తలో, నేను ఒక పథకంలో చేరాను. నాకు తమ్ముడి వరస అయ్యే కుర్రవాడిని కూడా చేర్పించాను. అతను హోటల్లో హౌస్ కీపింగ్ పని చేసేవాడు. 2,000 రియాళ్ళు కట్టాడు. ఆర్నెల్లకు ఆ పథకం మూతపడింది. నేను నా అప్‌లైన్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే, ఒకరోజు అతను గదికి వచ్చి చాలా మెల్లగా ఒక మాట అన్నాడు. "భాయ్, నేను కంపెనీని చూసి కట్టలేదు. మీరు చెప్పారని కట్టాను." నెలకు 250 చొప్పున ఎనిమిది నెలల్లో ఆ డబ్బు తిరిగి ఇచ్చాను. డబ్బు బాకీ ఎనిమిది నెలల్లో తీరింది. అతను మునుపటిలా మా గదికి వచ్చి అన్నం తినడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మర్యాదగా వద్దనడం ఎలా?

మనవాళ్ళకు ఇదే కష్టం. పెద్దవాళ్ళ మాట తీసేయలేక, మొహమాటానికి కట్టేసినవారు ఎందరో. ఈ మాటలు ఉపయోగపడవచ్చు.

పెద్దవారైతే: "అన్నా, మీరంటే నాకు గౌరవం. అందుకే మనిద్దరి మధ్య డబ్బు విషయం రాకూడదనుకుంటున్నాను."

సహోద్యోగి అయితే: "నా ఇఖామా మీద వేరే పని కుదరదు. కంపెనీకి తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది."

మళ్ళీ మళ్ళీ అడిగేవారైతే: "ఆలోచించాను, వద్దనుకున్నాను. టీకి ఎప్పుడైనా వస్తాను, ఈ మాట మాత్రం ఇక వద్దు." కారణాలు ఎక్కువ చెప్పకండి. ప్రతి కారణానికీ వారి దగ్గర తయారుగా ఒక జవాబు ఉంటుంది.

ఇప్పటికే చేరి ఉంటే

1. ఈ రోజు నుంచే కొత్తవారిని చేర్పించడం ఆపండి. నెలవారీ కొనుగోళ్ళు, కార్డు నుంచి తనంతట తానే కోసుకునే చెల్లింపులు ఆపించండి.

2. రసీదులు, బ్యాంకు బదిలీల వివరాలు, వాట్సాప్ సందేశాలు, హామీల స్క్రీన్‌షాట్లు ఒకచోట భద్రపరచండి.

3. డబ్బు వాపసు కోసం నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి. ఉన్న సరుకు వాడకుండా పక్కన పెట్టండి.

4. ఇండియాలో కట్టిన డబ్బు అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆన్‌లైన్ మోసమైతే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930. ఇక్కడ చిక్కు వస్తే మక్కా ప్రాంతం జిద్దాలోని భారత కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తుంది. పెద్ద మొత్తాలైతే ఫిర్యాదుకు ముందు న్యాయవాదిని కలవండి, ఎందుకంటే చేర్పించినవారిగా మీ మీద కూడా ప్రశ్నలు రావచ్చు.

5. మీరు చేర్పించినవారికి మీరే ముందుగా ఫోన్ చేసి నిజం చెప్పండి. ఇది అన్నింటికన్నా కష్టమైన పని. ఇందాకటి ఎదుగుదల అంటే అర్థం ఇదే.

పోగొట్టుకున్న డబ్బును కొన్నేళ్ళ ఓవర్‌టైమ్‌తో సంపాదించుకోవచ్చు. మన ఊరి నుంచి ఇంత దూరం వచ్చాక, జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేది, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే టికెట్ డబ్బులు సర్దేది ఆ జాబితాలోని వంద మందే. వారిని డౌన్‌లైన్ అనకండి. వారిని పేరు పెట్టి పిలుచుకునే బంధం మిగుల్చుకోండి.

ఈసారి శుక్రవారం ఎవరైనా టీకి పిలిస్తే తప్పక వెళ్ళండి. ఒక కాగితం, పెన్ను మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళండి.